మూత తీయని సెంటు సీసా

ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరిన రెండు నెలలకే కాలేజీలో నా పేరు మారిపోయింది. అందరూ "కారం" అని పిలిచేవాళ్ళు. "ఏరా కారం, రికార్డు రాశావా?" "కారం గాడు రాలేదేంట్రా ఇవ్వాళ?" ఆ పేరు పెట్టింది నా పక్కన కూర్చునే కుర్రాడే. మంచివాడు. నలుగురినీ నవ్వించాలన్న సరదా తప్ప నొప్పించాలన్న ఉద్దేశం వాడికి ఉండేది కాదు. ఒకరోజు బోటనీ ల్యాబులో నా భుజం మీదుగా వంగి మైక్రోస్కోపులోకి చూడబోయి వరసగా ఐదు తుమ్ములు తుమ్మాడు. కళ్ళు తుడుచుకుంటూ, "ఒరేయ్, మీ ఇంట్లో చొక్కాలు ఉతికేది సబ్బుతోనా కారప్పొడితోనా?" అన్నాడు. ల్యాబంతా నవ్వింది. అవతలి బల్ల దగ్గరున్న ఆడపిల్లలు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా ఎక్కువవుతుందని ఆ వయసులో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

అంతవరకూ నా ఒంటి మీద ఆ వాసన ఉందని నాకు తెలియదు. ఎవరింటి వాసన వాళ్ళకి తెలియదు కదా. గుంటూరు ఊరి చివర, కోల్డ్ స్టోరేజీలు బారులు తీరిన రోడ్డు వెనక మా కాలనీ. అమ్మ ఒక కోల్డ్ స్టోరేజీ షెడ్డులో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. పొద్దున్నే ముక్కుకి పైటకొంగు అడ్డం కట్టుకుని వెళ్ళి, చీకటిపడే వేళకి వచ్చేది. మా కాలనీలో చాలామంది అమ్మలు ఆ పనికే వెళ్ళేవాళ్ళు. నేను చదివిన హైస్కూల్లో పిల్లలందరూ అలాంటి ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళే కాబట్టి అక్కడ ఎవరినీ చూసి ఎవరూ తుమ్మలేదు. కాలేజీకి వచ్చాకనే వేరే ఇళ్ళ పిల్లల పక్కన కూర్చోవడం మొదలైంది.

మాది ఒకే గది ఇల్లు, ముందు చిన్న వసారా. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి ఒక దండెం. ఆ దండెం మీదే అమ్మ పనికి కట్టుకెళ్ళే చీర, దాని పక్కనే నా కాలేజీ చొక్కా. నాన్న లారీ డ్రైవరు. దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల నుంచి లోడు వేసుకుని తిరిగేవాడు. వారానికి ఒకటి రెండు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. ఆ రోజుల్లో ఆయన చొక్కా కూడా అదే దండెం మీదకి వచ్చేది.

వాసన పోగొట్టుకోవడానికి నాకు తెలిసినవన్నీ చేశాను. చొక్కా రెండుసార్లు ఉతికాను. ఊదొత్తి పొగ పట్టాను. టాల్కం పౌడరు మెడకీ చంకలకీ దట్టంగా పూసుకుని వెళ్తే, పదకొండు గంటలకల్లా చెమటతో కలిసి కాలరు మీద తెల్లని చారలు తేలేవి. "కారానికి ఉప్పు కూడా తోడైందిరోయ్" అన్నాడు నా పక్కవాడు.

నవంబరులో ఒక సాయంత్రం అమ్మ పని నుంచి వచ్చి, చీర మార్చుకుని, ఆ పని చీరని దండెం మీద వేసింది. దాని కొంగు నా చొక్కా మీద పడింది. నేను చదువుకుంటున్నవాణ్ణి లేచి, ఆ చీరని లాగి కింద పడేశాను.

"నీ వల్లేనమ్మా నాకీ కంపు. క్లాసులో నా పక్కన ఎవరూ కూర్చోవట్లేదు తెలుసా?" అన్నాను.

అది అబద్ధం. పక్కన కూర్చునేవాళ్ళు. నవ్వేవాళ్ళు, అంతే. కానీ కోపంలో చెప్పేటప్పుడు ఉన్నది చాలదనిపిస్తుంది.

అమ్మ నా చొక్కా తీసుకుంది. చొక్కా చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. "ఉతికిందేగా ఇది," అంది మెల్లగా, నన్ను కాకుండా తనని తాను అడుగుతున్నట్టు.

"ఉతికితే పోదు" అని అరిచాను.

ఆమె కింద పడిన చీర తీసుకుని వెళ్ళి బయట ప్రహరీ గోడ మీద ఆరేసి వచ్చింది. ఆ రోజు నుంచి ఆ చీర మళ్ళీ ఇంట్లోకి రాలేదు. వసారాలోనే మార్చుకుని లోపలికి వచ్చేది. నేను గెలిచాననుకున్నాను.

వారం తర్వాత అన్నం వడ్డిస్తూ ఆమే అడిగింది. "సెంటు కొనుక్కుంటావా? క్రిస్మస్‌కి కొత్త చొక్కాతో పాటు సెంటు కూడా కొందాంలే."

సంతోషం పట్టలేకపోయాను. మా వీధిలో సెంటు అనేది పెళ్ళికొడుకు కొట్టుకునేది, లేదా ఎన్నికల్లో నిలబడేవాళ్ళు కొట్టుకునేది. ఆ మాట ఫోనులో విన్న నాన్న అవతల నుంచి పెద్దగా నవ్వాడు. "మగపిల్లాడి దగ్గర చెమట వాసనొస్తే పని చేస్తున్నాడంటారు. సెంటు వాసనొస్తే ఏమంటారే?"

"వాడు కాలేజీకి వెళ్తున్నాడు. నీ లారీ ఎక్కట్లేదు," అంది అమ్మ.

డిసెంబరులో ఒక శనివారం మధ్యాహ్నం అమ్మ ఒక పూట పని మానుకుంది. చర్చికి కట్టుకునే మంగళగిరి చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, నాతో ఆటో ఎక్కింది. పాతూరు మార్కెట్లో ముందు చొక్కా కొన్నాం. అదెలాంటి చొక్కానో ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తు లేదు, నీలం గళ్ళది అనుకుంటా. సెంటు కొన్న షాపు మాత్రం కళ్ళకి కట్టినట్టు గుర్తుంది. గాజులు, రిబ్బన్లు, దువ్వెనలు అమ్మే ఫ్యాన్సీ షాపు అది. ఇద్దరు పక్కపక్కన నిలబడితే మూడోవాడికి చోటుండదు. వెనక గోడంతా అద్దాల బీరువా, అందులో సెంటు సీసాలు. కొన్ని చేప ఆకారంలో, కొన్ని కారు ఆకారంలో, ఒకటి బంగారు రంగు కిరీటంలా. షాపాయన అరవై ఏళ్ళ మనిషి. కళ్ళజోడుకి నల్ల దారం కట్టి మెళ్ళో వేసుకున్నాడు.

"ఏం కావాలి చెల్లెమ్మా?"

"మావాడికి సెంటండి. కాలేజీ పిల్లాడికి తగ్గట్టు చూపించండి."

"స్ప్రేనా, సీసానా?" అని నన్ను అడిగాడు.

"స్ప్రే" అన్నాను. టీవీలో చూసిన ప్రకటనలన్నీ స్ప్రేలవే.

"స్ప్రే సగం గాలికే పోతుంది బాబూ. సీసా అయితే రెండు చుక్కలు చాలు, సాయంత్రం దాకా ఉంటుంది. నువ్వు చూడు, నచ్చకపోతే స్ప్రేనే తీసుకుందువుగాని."

ఆయన బల్ల సొరుగులోంచి పాత పెళ్ళి శుభలేఖ ఒకటి తీసి కత్తెరతో సన్నని ముక్కలుగా కోశాడు. ఒక సీసా మూత తీసి, అట్టముక్క కొసని అందులో ముంచి, గాల్లో రెండుసార్లు ఊపి నా చేతికిచ్చాడు. సీసాలో ముక్కు పెట్టి చూడకూడదట. స్పిరిటు వాసన తప్ప ఏమీ తెలియదట. గాలి తగిలి స్పిరిటు పోయాక మిగిలిందే అసలు వాసన అని చెప్పాడు. ఈ లోకంలో ఇలాంటి విద్య ఒకటుందని నాకు అప్పుడే తెలిసింది. మొదటిది మల్లెపూలలా ఉంది. ఆడవాళ్ళదిలా ఉందని సిగ్గుపడి పక్కన పెట్టాను. రెండోది గంధం. మా వీధి చివర సెలూన్ గుర్తొచ్చింది. మూడోది ఏమిటో చెప్పలేను, చాలా తియ్యగా, దగ్గు మందులా ఉంది. ఆ తర్వాత ఇచ్చిన రెండు ముక్కలకీ నాకు తేడానే తెలియలేదు.

"ముక్కు అలిసిపోయింది," అన్నాడాయన. "నీ మోచేతి మడత దగ్గర పెట్టుకుని రెండుసార్లు గాలి పీల్చు. మన ఒంటి వాసన చూసుకుంటే ముక్కు మళ్ళీ దారిలో పడుతుంది."

చెప్పినట్టే చేశాను. చొక్కా చేతిలోంచి మిరపకాయల ఘాటు నేరుగా లోపలికెళ్ళి, నేనే గట్టిగా తుమ్మాను. ఆయన నవ్వాడు. "షెడ్డు పనా చెల్లెమ్మా?" అని అమ్మని అడిగాడు. అమ్మ తలూపింది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

ఇదంతా జరుగుతుండగా అమ్మ అట్టముక్కల కోసం ఆగలేదు. ఆయన బల్ల మీద పెట్టిన సీసాలని ఒక్కొక్కటీ తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తోంది. "ఇది బాగుందిరా" అంటోంది. ఇంకోటి తీసి, "ఇదీ బాగుంది." మూడోది, "అబ్బ, ఇదైతే ఎంత బాగుందో."

నాకు విసుగొచ్చింది. "అన్నీ బాగున్నాయంటే ఎట్టాగమ్మా? ఏదో ఒకటి చెప్పు."

ఆమె కంగారుగా ఇంకో సీసా అందుకుంది. ముదురాకుపచ్చ గాజు సీసా, షాపాయన అప్పుడే బీరువాలోంచి తీసి పెట్టింది. కళ్ళు మూసుకుని గట్టిగా గాలి పీల్చింది. "ఇదిరా. అన్నిటికంటే ఇదే. ఇదే తీసుకో."

ఆ సీసాకి మూత ఉంది. మూత మీద అతికించిన కాగితపు సీలు కూడా అలాగే ఉంది.

నేను చూశాను. షాపాయన కూడా చూశాడు. ఆయన ఒక్క క్షణం నా వంక చూసి, తర్వాత అమ్మ చేతిలోంచి ఆ సీసాని మెల్లగా తీసుకున్నాడు. "ఇది పెద్ద వయసువాళ్ళకమ్మా. కుర్రాడికి నప్పదు," అని దాన్ని మళ్ళీ అద్దాల వెనక పెట్టేశాడు. అమ్మకి ఏమీ తెలియలేదు. "అవునా అండి" అని నవ్వింది.

ఆ తర్వాత ఆయన ఇచ్చిన అట్టముక్కల్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను గానీ నా మనసు వాటి మీద లేదు. అప్పటికి చేతిలో ఏది ఉంటే అదే బాగుందన్నాను. అది నిమ్మకాయ వాసన వేసే సెంటు. చదరపు సీసా, లేత పసుపు రంగు. ఆయన దాన్ని పాత పేపర్లో చుట్టి ఇస్తూ నా భుజం తట్టాడు. ఎందుకు తట్టాడో నాకు అర్థమైంది. కానీ నేనేం చెయ్యాలో మాత్రం తెలియలేదు.

బయటకొచ్చాక అమ్మ చెరుకురసం తాగుదామంది. బండి దగ్గర గ్లాసులు పట్టుకుని నిలబడ్డాం.

"అమ్మా, నీకు వాసన తెలీదా?" అన్నాను.

ఆమె గ్లాసులోకి చూసింది. అల్లం ముక్కని చెరుకుగడతో పాటు మిషన్లో పెడుతున్న అతని వంక చూసింది. తర్వాత, "ఎట్టా తెలిసింది?" అంది.

"ఆ సీసాకి మూత తియ్యలేదు."

"అవునా!" అని ఒక్కసారి నవ్వేసింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పాపం ఆయన ఏమనుకున్నాడో."

"ఎప్పటినుంచి?"

"నువ్వు ఆరో క్లాసులో ఉన్నప్పటి నుంచి అనుకుంటా. ముందు జలుబనుకున్నా. జలుబు తగ్గింది, వాసన రాలా. షెడ్డులో ఇంకో ఇద్దరు ముగ్గురికి కూడా ఇట్టాగే ఉందిలే."

"మరి చెప్పలేదేం?"

"చెప్పడానికి ఇదేమన్నా కాలో చెయ్యో విరిగినట్టా? కనపడేదా, నొప్పి పెట్టేదా?" రసం తాగేసి గ్లాసు పెట్టింది. కొంగుతో మూతి తుడుచుకుని అడిగింది. "నిజం చెప్పు. మన బట్టలు అంత కంపు కొడతాయా?"

నేను గ్లాసు పెట్టేసి ఆటో కోసం చెయ్యెత్తాను. ఆటోలో వస్తుంటే ఒక్కొక్కటీ గుర్తుకురావడం మొదలైంది. ఎప్పుడూ "ఒరేయ్, పాలు అడుగంటినయ్యేమో చూడు" అని నన్ను పిలిచేది. గిన్నె ఆమె పక్కనే ఉండేది, నేను వసారాలో ఉండేవాణ్ణి. చారు కాచిన ప్రతిసారీ గరిటెతో తెచ్చి, "వాసన చూడు, పోపు మాడిందా?" అనేది. గారాబం అనుకునేవాణ్ణి. ఒకసారి నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఇల్లంతా గ్యాసు వాసన. అమ్మ పొయ్యికి రెండడుగుల దూరంలో కూర్చుని తాపీగా బియ్యం ఏరుతోంది. నేను పరుగెత్తి రెగ్యులేటరు కట్టేసి, ఆమె మీద అరిచాను. "చూసుకోలేదురా" అంది. ఎంత పరధ్యానం మనిషో అనుకున్నాను. నవంబరులో నా చొక్కా చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని ఆమె అంతసేపు ఎందుకు నిలబడిందో కూడా ఆ ఆటోలోనే అర్థమైంది.

క్షమించమని అడగలేదు. చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు తప్ప ఆ మాట వాడే అలవాటు మా ఇంట్లో లేదు. ఇంటికి రాగానే పొయ్యి వెలిగించి టీ పెట్టాను. ఆమె ఆశ్చర్యంగా చూసింది.

సోమవారం కాలేజీకి సెంటు కొట్టుకుని వెళ్ళాను. రెండు చుక్కలు చాలన్నాడు షాపాయన. నేను మెడకి నాలుగు, చొక్కాకి నాలుగు, రుమాలుకి ఇంకో నాలుగు అద్దాను. నా పక్కవాడు రాగానే ఆగిపోయాడు. ముందుకి వంగాడు, వెనక్కి జరిగాడు. కళ్ళు పెద్దవి చేసి క్లాసంతటికీ వినపడేలా అన్నాడు. "ఒరేయ్! నిమ్మకాయ పచ్చడిరా వీడు!"

నిజమే. కిందున్న కారానికి పైన నిమ్మకాయ తోడై, నేనొక ఊరగాయ జాడీలా తయారయ్యాను. నోరూరుతోందని ఒకడు, పెరుగన్నం తెచ్చుకుంటే బాగుండేదని ఇంకొకడు. జువాలజీ లెక్చరర్ గారు వచ్చి, పాఠం మొదలుపెట్టకముందే కిటికీ దగ్గరికెళ్ళి రెండు రెక్కలూ బార్లా తెరిచారు. ఆ రోజు నేను మనస్ఫూర్తిగా నవ్వాను. ఎందుకో తెలియదు, ఆ పేరు అప్పటి నుంచి నన్ను బాధపెట్టలేదు. వాళ్ళు పిలిచే పేరుకంటే పెద్ద సంగతి ఒకటి నాకు తెలిసిందన్న భావం ఉండేది.

అమ్మకి మాత్రం ఆ సెంటంటే మహా గొప్ప. క్రిస్మస్ రోజున చర్చి బయట కనపడిన ప్రతివాళ్ళనీ ఆపి, "మావాడి సెంటు ఎట్టా ఉంది?" అని అడిగింది. నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను. పాస్టరమ్మగారు నవ్వి, "నిమ్మతోటలోంచి నడిచొచ్చినట్టుంది" అన్నారు. అమ్మకి ఆ మాట ఎంత నచ్చిందంటే, సాయంత్రం దాకా ఇంటికొచ్చిన వాళ్ళందరికీ అదే చెప్పింది. "నిమ్మతోటలోంచి నడిచొచ్చినట్టు లేడూ?" అని. తనకి రాని వాసనని ఆ మాటలోంచే చూసుకుంటోందని నాకు తెలుసు. అందుకే ఆ రోజంతా ఆమె పక్కనే నిలబడ్డాను.

సెలవులయ్యాక జువాలజీ లెక్చరర్ గారి దగ్గరికి వెళ్ళాను. క్లాసయ్యాక వెంటపడి, వాసన పోయినవాళ్ళకి అది మళ్ళీ వస్తుందా సార్ అని అడిగాను. ఎవరికి అన్నారు. అమ్మకి అన్నాను. కిటికీ తెరిచింది నా వల్లేనని ఆయనకి గుర్తుందో లేదో తెలియదు. చాలా ఓపికగా విన్నారు. ముక్కు, చెవి, గొంతు చూసే డాక్టరమ్మ ఒకరు తనకి తెలుసని, చిన్న కాగితం మీద ఉత్తరం రాసి ఇచ్చారు.

అమ్మని ఒప్పించడానికి రెండు వారాలు పట్టింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ చాలా చిన్న వయసామె. అమ్మని కళ్ళు మూసుకోమని, ముక్కు దగ్గర లవంగం పెట్టింది. "ఏమన్నా తెలుస్తోందా అమ్మా?" "లేదమ్మా." కర్పూరం పెట్టింది. "చల్లగా ఉంది, వాసన తెలవట్లా." సబ్బు పెట్టింది. "ఏమీ లేదు." కళ్ళు మూసుకుని, చెప్పిన మాట వినే చిన్నపిల్లలా చేతులు ఒళ్ళో పెట్టుకుని, ప్రతిదానికీ లేదు లేదు అంటున్న అమ్మని చూస్తూ గోడకి ఆనుకుని నిలబడ్డాను.

టార్చి వేసి ముక్కులోకి చూసి డాక్టరమ్మ అంది. "లోపలంతా వాచిపోయి ఉంది. ఏళ్ళ తరబడి ఘాటు. పూర్తిగా పోయిందని చెప్పను, వస్తుందని కూడా మాటివ్వలేను. ముందు ఆ పని మానెయ్యాలి." ముక్కులో కొట్టుకునే మందు రాసిచ్చింది. అది కూడా స్ప్రేనే. దారిలో అమ్మ దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసి, "నీకో సెంటు, నాకో సెంటు" అంది.

పని మాత్రం మానలేదు. అప్పుడే కొత్త పంట దిగే రోజులు. పొలాల నుంచి మిరపకాయల బస్తాలు, టిక్కీలకి టిక్కీలు, ట్రాక్టర్ల మీద వస్తుంటే షెడ్డుల్లో మనుషులు చాలేవాళ్ళు కారు. "ఈ సీజను అయిపోనియ్యరా" అనేది. నేను అలిగేవాణ్ణి. ఆమె మందు కొట్టుకుని, ముక్కుకి కొంగు కట్టుకుని వెళ్ళిపోయేది. చివరికి ఏప్రిల్లో ఒకసారి నాన్న ఇంటికొచ్చినప్పుడు నేనే మొత్తం చెప్పేశాను. మూత తీయని సీసా దగ్గర నుంచి చెప్పాను. ఆయన భోజనం ముందు పెట్టుకుని విన్నాడు. ఆయనకీ తెలియదు. అన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ముగ్గురిలో ఒక్కరికి తప్ప ఎవరికీ తెలియని సంగతి అది.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి అమ్మ ఎదురుగా కూర్చున్నాడు. "నా ఊపిరితిత్తుల్లో ఎంత సిమెంటుందో నాకే తెలీదు. నీ ముక్కన్నా దక్కించుకుందాం. రేపట్నుంచి వెళ్ళమాక," అన్నాడు. గట్టిగా అనలేదు. మా నాన్న గట్టిగా అనని మాటలు చాలా తక్కువ. అమ్మ మర్నాడు పనికి వెళ్ళలేదు.

చర్చిలో ఒకావిడ మంగళగిరి చీరల కొంగులకి కుచ్చులు వేసే పని నేర్పించింది. ఇంట్లోనే కూర్చుని చేసుకునే పని. మొదట్లో అమ్మ వేళ్ళు దారాలకి అలవాటు పడలేదు. తొడిమలు తీసీ తీసీ మొద్దుబారిన వేళ్ళు. నెల తిరిగేసరికి చేతుల వంక చూసుకోకుండానే ముడులు వేసేది. మా దండెం మీద ఇప్పుడు ఎవరివో కొత్త చీరలు, రకరకాల రంగుల్లో వేలాడేవి. ఇంట్లో ఘాటు తగ్గిపోయింది. కానీ ఆమె ముక్కుకి మాత్రం ఏమీ తెలియలేదు. నెలకోసారి డాక్టరమ్మ లవంగం పెట్టేది. లేదమ్మా అనేది. ఇంక రాదులే అని ఆమె ఎప్పుడో అనేసుకుంది. నేను మాత్రం ఊరుకోలేక రోజూ ఏదో ఒకటి ఆమె ముక్కు దగ్గర పెట్టేవాణ్ణి. కొత్తిమీర, కిరోసిను గుడ్డ, కొత్త పుస్తకం. "ఏం పిల్లాడివిరా, తప్పుకో" అని విసుక్కునేది.

డిగ్రీలో చేరిన ఏడాది మా చర్చి స్త్రీల సమాజం వాళ్ళు కొత్తపట్నం సముద్రానికి బస్సు కట్టించుకుని వెళ్ళారు. వంట గిన్నెలు ఎక్కించడానికి, దించడానికి నన్నూ తీసుకెళ్ళారు. పాటలు పాడుకుంటూ ఒంగోలు దాటి, మధ్యాహ్నానికి చేరాం. ఆడవాళ్ళందరూ చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని అలల్లోకి దిగారు. అమ్మకి నీళ్ళంటే భయం. ఒడ్డునే నడుద్దామని నన్ను పిలిచింది. ఇద్దరం జాలర్ల పల్లె వైపు నడిచాం. అక్కడ ఇసుక మీద వలలు పరిచి, వాటి మీద చేపలు ఎండబెట్టారు. కుప్పలు కుప్పలు. నేను దూరం నుంచే రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను.

అమ్మ ఆగిపోయింది.

ముందు ఒక అడుగు వేసింది, తర్వాత ఇంకొకటి. తల కొంచెం పైకెత్తింది. ముఖం ముడుచుకుంది. కాలికి ముల్లు గుచ్చుకుందేమో అనుకున్నాను.

"ఒరేయ్," అంది. "ఏదో కంపు కొడతంది."

నేను కదలలేదు.

"కంపురా! ఒరేయ్, ఎండుచేపల కంపు!" అని అరిచింది. "అబ్బబ్బ, ఎంత కంపు కొడతందిరా!"

ఆమె ఆ వలల మధ్యకి వెళ్ళి నిలబడింది. గట్టిగా పీల్చేది, ముఖం చిట్లించేది, నవ్వేది, మళ్ళీ పీల్చేది. చేపలు తిరగేస్తున్న ఒక పల్లెకారు ఆవిడ, తన సరుకుని తిడుతున్నారనుకుందో ఏమో, నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచింది. "ఏందమ్మా, ఎండుచేపలు కంపు కొట్టక పూలవాసన వస్తయ్యా?" అమ్మ పోయి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "కాదమ్మా, కాదు తల్లీ. నాకు వాసన వచ్చిందమ్మా. ఏడేళ్ళ తర్వాత వచ్చింది," అంది. ఆవిడకి ఏం అర్థమైందో తెలియదు. కాసేపు అమ్మ ముఖంలోకి చూసి, ఒక గుప్పెడు చేపలు తీసి దోసిట్లో పెట్టింది. "చూసుకో మరి, బాగా చూసుకో" అంది. ఇద్దరూ నవ్వుతున్నారు. నేను రుమాలు తీసేసి అవతలికి తిరిగి సముద్రం వంక చూస్తూ నిలబడ్డాను. నా ముఖం వాళ్ళకి కనపడకూడదని.

తిరుగు ప్రయాణంలో అమ్మ ఆ ఎండుచేపల పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బస్సులో అందరూ గోల. "అమ్మా, దాన్ని పైన వెయ్యవే, చస్తున్నాం" అని. "మీరు కిటికీలు తెరుచుకోండి," అంది అమ్మ, పొట్లం వదలకుండా.

అన్ని వాసనలూ తిరిగి రాలేదు. ఘాటువి, గట్టివి వచ్చాయి. కిరోసిను తెలుస్తుంది, పోపు తెలుస్తుంది, వాన నీళ్ళు నిలిచిన కాలవ కూడా తెలుస్తుంది. మల్లెపూలు తెలియవు. సన్నని వాసనలేవీ తెలియవు. ఉన్నదాంతో ఆమెకి చాలా తృప్తి.

నేనిప్పుడు దర్శిలో స్కూల్లో టీచర్ని. మా అమ్మాయి పుట్టినప్పుడు అమ్మ వచ్చి మూడు నెలలు మా దగ్గరే ఉంది. ఒక మధ్యాహ్నం పాపకి నీళ్ళు పోసి, తుడిచి, ఒళ్ళో పడుకోబెట్టుకుని, తల మీద ముక్కు ఆనించింది. అలాగే కాసేపు ఉంది. నేను పక్కన కూర్చుని పిల్లల పేపర్లు దిద్దుతున్నాను.

"రావట్లేదురా," అంది. "దీని వాసన రావట్లా."

పెన్ను పక్కన పెట్టాను.

"ఎట్టా ఉంటదో చెప్పు," అంది.

నేను వంగి పాప తల మీద ముక్కు పెట్టాను. వాసన గురించి చెప్పడం చాలా కష్టమైన పని. "పాల వాసన. కొంచెం కొబ్బరినూనె. కొంచెం సాంబ్రాణి," అన్నాను. అది చాలదనిపించింది. "వెచ్చగా ఉంటుందమ్మా. ఎండలో ఆరిన గుడ్డలా."

అమ్మ కళ్ళు మూసుకుని వింది. తర్వాత తల ఊపింది.

"నాకు గుర్తుంది," అంది. "నువ్వూ అట్టాగే ఉండేవాడివి."